గిన్నెలు ఎవరు తోమాలి

ఆ ఇంట్లో చదరంగం ఆడేటప్పుడు దొంగతనం తప్పు కాదు. ఆ నియమం అమ్మ పెట్టింది. ఆవిడ బట్టలు కుట్టేది. పిల్లలిద్దరూ కాళ్లకు అడ్డం పడకుండా మిషను పక్కనే కూర్చోబెట్టి ఆట నేర్పింది. ఎదుటివాళ్ల పావును ఎప్పుడైనా మాయం చెయ్యొచ్చు. వాళ్లు తమ ఎత్తు వేసేలోపు కనిపెడితే దొంగే గిన్నెలు తోమాలి. కనిపెట్టలేకపోతే పోగొట్టుకున్నవాళ్లు తోమాలి. "చూపు బోర్డు మీద లేకపోతే ఏది పోయినా మీ ఖర్మే," అనేది అమ్మ. ఒక తెల్లబంటు నిజంగానే పోతే దాని చోట కోటు గుండీ పెట్టింది.

లోకమంతా ఇలాగే ఆడుతుందనుకుంది చెల్లెలు. బడి పోటీలో ఎదుటి పిల్ల ఏనుగును దర్జాగా జేబులో వేసుకుంది. చెవి పట్టుకుని బయటకు పంపేశారు. ఏడుస్తూ ఇంటికొస్తే అన్నయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"ఏనుగునా? బంటుతో మొదలుపెట్టాలి కదే పిచ్చుకా!"

తర్వాత అమ్మ పోయింది. చెల్లెలు కళ్లజోళ్ల దుకాణం పెట్టుకుంది, అన్నయ్య టాక్సీ నడిపాడు, ఇద్దరి జుట్టూ నెరిసింది. ఆట మాత్రం ఆగలేదు. సెలవొస్తే చాలు, చెల్లెలు అన్నయ్య ఇంట్లో వాలిపోయేది. ఇన్నేళ్లలో అన్నయ్య కన్నుగప్పి ఒక్క పావు కూడా కాజేయలేకపోయింది. అతని ఇంటి గిన్నెలన్నీ ఆమె చేతికి అలవాటే.

ఇప్పుడు అన్నయ్య తలకు ఆపరేషన్ అయింది. నడుస్తున్నాడు, తింటున్నాడు, అడిగితే అవును, కాదు అంటున్నాడు. అంతే. వెక్కిరింపు లేదు, నవ్వు లేదు. ఓపిక పట్టమన్నాడు డాక్టరు. తలుపు తీస్తూనే వదిన గొంతు తగ్గించి చెప్పింది.

"మనిషైతే ఇంటికొచ్చారు. ఆయన మాత్రం ఇంకా రాలేదు."

చెల్లెలు లోపలికి వెళ్లి అన్నయ్య ఎదురుగా కూర్చుంది. ఇక ఆగలేక బోర్డు పరిచింది. అన్నయ్యకు తెల్లపావులు ఇచ్చింది. ఆడాడు. ఎత్తులు సరిగానే వేశాడు గానీ, కూరగాయలు ఏరుతున్నవాడిలా వేశాడు. ఇలా కాదనుకుని, మంచినీళ్ల గ్లాసు జరుపుతూ, బంటు చోట అమ్మ పెట్టిన గుండీని తన చేతిరుమాలు కిందకి లాగేసింది. చిన్నపిల్లకైనా తెలిసిపోయే మోటు దొంగతనం అది.

తర్వాత అన్నయ్య మొహం కేసి చూస్తూ కూర్చుంది. పట్టుకో అన్నయ్యా, ఒక్కసారి తిట్టు, అని లోలోపల బతిమాలుకుంది. అతను గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. గ్లాసు దించాడు. నింపాదిగా గుర్రాన్ని కదిపాడు.

కనిపెట్టలేదు.

జీవితంలో మొదటిసారి అన్నయ్యను గెలిచింది. అలాంటి గెలుపు పగవాళ్లకు కూడా వద్దు. కళ్లలో నీళ్లు కనబడకుండా తల దించుకుని, చేతికందిన బంటును ఒక గడి ముందుకు తోసేసింది.

"అయిపోయిందా నీ ఎత్తు?" అన్నాడు అన్నయ్య.

"ఊఁ."

అతను గుప్పిట తెరిచాడు. అరచేతిలో ఆమె నల్లమంత్రి ఉంది.

చెల్లెలు బోర్డు చూసింది. రాజు పక్కన గడి బోసిగా ఉంది. మంత్రి పోయినా తెలియకుండా కూర్చుంది మహాతల్లి!

"గుండీ నీ రుమాలు కిందుంది," అన్నాడు, మాటలు కూడదీసుకుంటూ. "అప్పుడే చూశా."

"మరి చెప్పవేం?"

"చెబితే నువ్వు బోర్డు చూస్తావు. నా మొహం చూస్తుంటే నాకు పని తేలిక." కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. "గుండీకి ఈ గ్లాసు నేను కడుగుతా. మిగతావన్నీ నీవే పిచ్చుకా."

గుమ్మంలో వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. వారాల తరబడి ఇంటిమీద కూర్చున్న బరువు దిగిపోయింది. చెల్లెలు నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

"గిన్నెలన్నీ పొద్దున్నే తోమేశాగా!" అంది వెనకే వచ్చిన వదిన.

"పర్లేదు వదినా, మళ్లీ తోముతా."

వదిన అరల్లోంచి కడిగిన గిన్నెలన్నీ దించి ఒక్కొక్కటే అందించింది.