టేపు వేసిన డాక్టరు వేషం

అతనికి టేపు అని పేరు పెట్టింది మేనమామ. నాలుగేళ్ళు నిండేదాకా ఒక్క మాట కూడా పలకని పిల్లాడు, ఒకరోజు పొద్దున్నే అచ్చం మేనమామ గొంతుతో, మేనమామ దగ్గుతో సహా, "ఈ ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదా?" అన్నాడు. అమ్మ, అక్క ఎగిరి గంతేశారు. మేనమామ మొహం మాత్రం మాడిపోయింది. "వీడు మనిషి కాదే, టేపురికార్డరు" అన్నాడు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది. అది ఆటిజం అని డాక్టరు చెప్పింది ఆ తర్వాత ఆరేళ్ళకి, అదీ రెండు నిమిషాల్లో, కాగితం మీంచి తల ఎత్తకుండా. అప్పటికే బంధువులందరూ తలో రోగం పేరూ చెప్పేసి ఉన్నారు కాబట్టి అసలు పేరు తెలిసినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇరవై రెండో ఏట అతనికి బస్‌స్టాండులో అనౌన్సరు ఉద్యోగం దొరికింది. రోజూ వేలమందితో మాట్లాడాలి, ఒక్కరి మొహమూ చూడక్కర్లేదు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడా ఉండదనుకున్నాడు. అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఒకే ఊపులో చెప్పేవాడు. మూడేళ్ళ తర్వాత మేనేజరు పిలిచి, "నీ అంత స్పష్టంగా చెప్పేవాడు ఇంకొకడు లేడయ్యా" అని భుజం తట్టాడు. అన్ని ఊళ్ళ పేర్లూ, అన్ని అంకెలూ వారం రోజులు కూర్చోబెట్టి రికార్డు చేయించాడు. అది పూర్తికాగానే, ఇక రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. కంప్యూటరు ఆ గొంతుతోనే పని కానిచ్చుకుంటుందట.

"నా ఉద్యోగం నా గొంతుకి ఇచ్చేశారక్కా" అని ఇంటికొచ్చి చెప్పాడు.

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతనికి మాత్రం, రికార్డింగులో పదిహేడు అనే అంకె కాస్త తొందరగా పలికానే అని రెండు రోజులు అన్నం సయించలేదు.

అక్కది బట్టలు కుట్టే షాపు. వెనక గదిలో గుడ్డల తానులు నేలనుంచి పైకప్పు దాకా పేర్చి ఉండేవి. గుడ్డ చప్పుడుని మింగేస్తుంది. అందుకని ఆ గది అతనికి ప్రాణం. ఉద్యోగం పోయాక పగలంతా అక్కడే ఉండేవాడు. ముందు గదిలో అక్క మిషను తొక్కుతుంటే, ఆ తాళానికి, చిన్నప్పటినుంచి అందరూ తనతో అన్న మాటల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పాడేవాడు.

కళ్ళలోకి చూడమంటారు, చూస్తే ఏంట్రా ఆ చూపంటారు,
కలివిడిగా ఉండమంటారు, కలిస్తే కాస్త జరగమంటారు,
నవ్వరా నాయనా అంటారు, నవ్వితే ఎందుకు నవ్వావంటారు,
ఫోటోకి కదలకు అంటారు, కదలకపోతే వీడికేమైందంటారు.

అక్క మిషను ఆపేసింది. "ఇది నువ్వే రాశావా?"

"లేదు. మీరందరూ అన్నదే. నేను వరస పెట్టానంతే."

ఫోనులో రికార్డు చేసి, మిషను చప్పుడు వెనకాల అలాగే ఉంచి, నెట్‌లో పెట్టాడు. నెల తిరిగేసరికి లక్షలమంది విన్నారు. సంగీతం అమ్ముకునే కంపెనీవాళ్ళు ఇద్దరు షాపుకి వచ్చి, బట్టలు కుట్టించుకునేవాళ్ళ బెంచీ మీద కూర్చున్నారు. పాట బ్రహ్మాండంగా ఉందట. ఆ మిషను సౌండు తీసేసి, ఒక అమ్మాయి గొంతు కలిపి, మాటలు కాస్త ప్రేమ వైపు తిప్పితే ఇక తిరుగుండదట.

"అవన్నీ మారిస్తే, మీకు నచ్చింది ఎక్కడుంటుంది?" అని టేపు అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని. వాళ్ళిద్దరూ లేచి వెళ్ళిపోయారు. అప్పటినుంచి అతను ఏ కంపెనీ నీడకీ వెళ్ళలేదు. రాసుకోవడం, పాడుకోవడం, పోస్టరు వేసుకోవడం అన్నీ వెనక గదిలోనే. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో 'టేపు' అని ఉండేది. మేనమామ దాన్ని ఫోనులో పెట్టుకుని, "పేరు పెట్టింది మనమే" అని కనపడ్డవాడికల్లా చూపించేవాడు.

ఆ పాటలు విన్న ఒక సినిమా దర్శకుడు కబురు పెట్టాడు. ఆటిజం ఉన్న కుర్రాడే కథానాయకుడట. టేపు మూడు రోజులు అద్దం ముందు సాధన చేశాడు. నమస్కారం ఎప్పుడు పెట్టాలి, ఎంతసేపు నవ్వాలి, కుర్చీలో ఎలా కూర్చోవాలి అన్నీ. అక్కని తోడు తీసుకుని వెళ్ళి, ఇచ్చిన సీను పొల్లుపోకుండా చెప్పాడు. దర్శకుడు పక్కవాడి చెవిలో ఏదో ఊది, గొంతు సవరించుకున్నాడు.

"చాలా బాగా చేశావు తమ్ముడూ. కాకపోతే, నువ్వు ఆటిజం ఉన్నవాడిలా కనిపించట్లేదు."

"ఉంది సార్. కాగితం కూడా ఉంది."

అక్క సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దర్శకుడు దాన్ని మర్యాదగా వెనక్కి జరిపాడు. "కాగితం తెర మీద కనపడదు కదమ్మా."

వేషం ఒక పెద్ద హీరోకి వెళ్ళింది. ఆ హీరోకి నేర్పించే పని టేపుకి వచ్చింది.

హీరో మంచి మనిషి. మొదటిరోజే నోటుపుస్తకం తెచ్చుకున్నాడు.

"చేతులు ఎలా ఊపాలి?"

"నేను ఊపనండి. ఊపేవాళ్ళు ఉంటారు, వాళ్ళనడగాలి."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఆ ట్యూబులైటు గుయ్యిమంటుంటే, మీరు చెప్పేది వినడానికి చూస్తున్నాను."

హీరో తలెత్తి చాలాసేపు చూశాడు. "నాకేం వినపడట్లేదే!"

"అదృష్టవంతులు" అన్నాడు టేపు.

హీరో ఆ మాట కూడా రాసుకున్నాడు. మూడు వారాల్లో పని పట్టుకున్నాడు. ఎదుటివాడి చొక్కా గుండీని చూస్తూ, బొటనవేలి గోరుని నొక్కుకుంటూ, జవాబుకి ముందు ఒక్క క్షణం ఆగుతూ కూర్చుంటే, అక్క టేపు వైపూ హీరో వైపూ మార్చిమార్చి చూసేది.

షూటింగు మొదటిరోజు హీరో అలాగే కూర్చున్నాడు. దర్శకుడు కట్ చెప్పాడు. "ఏంటి సార్, ఊరికే కూర్చున్నారు?"

"అతను ఇలాగే ఉంటాడండీ."

"అతను ఎలా ఉంటే ఎవరిక్కావాలి సార్? జనానికి తెలియాలి కదా!"

రెండో టేకులో హీరో తల ఊపాడు, చేతులు ఆడించాడు, కళ్ళు పైకి తిప్పాడు. సెట్టంతా చప్పట్లు. దూరంగా నిలబడ్డ టేపు కంగారుగా అక్క చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఆయనకేమైంది?"

ఇరవయ్యో రోజు ఆసుపత్రి సీను. కొడుకుది ఆటిజం అని డాక్టరు తల్లికి వివరించాలి. నాలుగు పేజీల డైలాగు. పేరున్న నటుడే, కానీ పదకొండు టేకులయినా రెండో పేజీ దాటలేకపోయాడు. పన్నెండోదానికి తెల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసి కారెక్కి వెళ్ళిపోయాడు. సెట్టు చప్పబడింది. ఆ నిశ్శబ్దంలో ఒక మూలనుంచి గొణుగుడు వినిపించింది. టేపు ఆ నాలుగు పేజీలూ, నటుడు తడబడ్డ చోట తడబడకుండా, తనలో తాను చెప్పుకుంటున్నాడు. దర్శకుడు గడియారం చూసుకున్నాడు. ఆసుపత్రిని సాయంత్రం ఆరింటికి ఖాళీ చేసి ఇవ్వాలి.

"కోటు వెయ్యండి ఇతనికి."

కోటు మెడ దగ్గర కంపెనీ పేరున్న పట్టీ గీసుకుంటోందంటే అక్క కత్తెరతో దాన్ని కోసేసింది. టేపు కోటు వేసుకుని, "ఈ డైలాగులో మూడు తప్పులున్నాయి సార్" అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది!"

"ఈ పిల్లలకి ప్రేమ తెలియదు అని ఉంది. నాకు తెలుసు."

"నీకేది నిజమనిపిస్తే అది చెప్పు నాయనా. ఆరులోపు అయిపోవాలి."

టేపు తల్లి పాత్రధారిణి ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, మీ అబ్బాయికి మీ మాట వినపడక కాదు. అన్నీ ఒక్కసారే వినపడుతున్నాయి. ఆ ఫ్యానూ, ఈ లైటూ, బయట లిఫ్టూ, మీ ఏడుపూ. అందులో మీ గొంతు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాడు. దొరికేదాకా కాస్త ఆగండి. మీమీద ప్రేమ లేకపోతే వెతకడు కదా."

ఆవిడకి కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి, గ్లిజరిన్ సీసా ఒళ్ళో అలాగే ఉండిపోయింది. ఒక్క టేకు. దర్శకుడు పొంగిపోయాడు. "ఆ చూపు చూశారా? కళ్ళలోకి చూడకుండా, గుండీ మీద పెట్టి! ఎంత హుందాగా ఉందో! డాక్టరంటే అలా ఉండాలి."

టేపు మేకప్ గదిలోకి వెళ్ళి, దీపాలార్పి, బల్ల కింద నలభై నిమిషాలు కూర్చున్నాడు. అక్క తలుపు దగ్గర కాపలా ఉండి, వచ్చినవాళ్ళందరికీ, "డాక్టరుగారు విశ్రాంతి తీసుకుంటున్నారు" అని చెప్పి పంపేసింది.

సినిమా ఆడింది. హీరో ఆ పాత్రలో జీవించాడని పత్రికలన్నీ రాశాయి. ఒక పత్రిక మాత్రం, డాక్టరు వేషం వేసినతను నటుడిలా లేడనీ, బహుశా ఆ ఆసుపత్రి డాక్టరే అయివుంటాడనీ రాసింది. హీరోకి అవార్డు వచ్చింది. ఫోటోల వెలుగులు పడవని టేపు ఆ సభకి వెళ్ళలేదు. ఆ తర్వాత అతనికి వచ్చిన ఆరు వేషాలూ డాక్టరువే. ఏడోది, ఆటిజం ఉన్న తమ్ముడి వేషం ఎక్కడో ఉందంటే వెళ్ళాడు. "మీది డాక్టరు మొహమండీ, జనం నమ్మరు" అని పంపించేశారు. డాక్టరు వేషాలే ఒప్పుకున్నాడు, షరతులు పెట్టి. సెట్లో ట్యూబులైటు ఉండకూడదు. టైము మారితే ముందురోజే చెప్పాలి. తప్పు మాట తను చెప్పడు.

"పెద్ద హీరోలు కూడా ఇన్ని షరతులు పెట్టరయ్యా" అన్నాడొక నిర్మాత.

"వాళ్ళకి అడక్కుండానే జరుగుతాయి సార్."

ఆ మొదటి సినిమా ఇంకా ఆడుతుండగానే, దాన్ని అందరికంటే ఆఖర్న చూసింది అమ్మ. జనం పలచబడ్డాక, ఒక పొద్దుటి ఆటకి ఆమెని తీసుకెళ్ళారు. హాల్లో పదిమంది కూడా లేరు. హీరో తల ఊపుతుంటే అమ్మ కునికిపాట్లు పడింది. డాక్టరు సీను రాగానే నిటారుగా కూర్చుంది. "దొరికేదాకా కాస్త ఆగండి" అని తెర మీద డాక్టరు అనగానే, "అలాగేనండీ" అంది పైకే. రెండు కుర్చీల అవతల కూర్చున్న కొడుకు వైపు తిరగలేదు.

బయటికొచ్చి మెట్ల మీద ఆగింది. "ఈ డాక్టరు మనకి అప్పుడే దొరికుంటే ఎంత బావుండేదే" అంది అక్కతో.

"అది తమ్ముడేనమ్మా!"

"తెలుసులే. ఇరవై రెండేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాడు. నాకే అడగాలని తోచలేదు."

"ఇప్పుడడుగు" అన్నాడు టేపు.

అమ్మ అతని వైపు తిరిగింది. "మనింట్లో నిన్ను బాగా ఇబ్బంది పెట్టే చప్పుడు ఏదిరా?"

అతను వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. చాలా ఉన్నాయి. అక్క షాపు తెరవడానికి వెళ్ళిపోయింది. రెండో ఆటకి జనం రావడం మొదలై, తప్పుకోండి తప్పుకోండి అంటుంటే, అమ్మ కొడుకుని ఒక పక్కకి జరిపి, మిగతావి కూడా చెప్పమంది.