సున్నం రోజు

మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి సున్నం మేస్త్రి ఆ గదిలో మూడు గోడలు గీకేశాడు. నాలుగోది మిగిలింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ చెమటకి తడిసింది. గీకిన పొడి దానికి అంటుకుని పెదాల దగ్గర మండుతోంది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ పడలేదు. సాయంత్రం అయిదింటికి ఇంటాయన వస్తాడు. ఆలోపు రెండు పూతలు పడాలి. మొదటిది ఆరితే గాని రెండోది వెయ్యకూడదు.

గది కాజాలక్కది. చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టి బతుకుతుంది కాబట్టి ఆ ఇంట్లో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ఆమె సామానంతా పొద్దున్నే మేస్త్రీ, ఎదురుగదిలో ఉండే బస్సు కండక్టరూ కలిసి వసారాలోకి చేర్చారు. ఆమె మాత్రం ఏదో పనుందని చెప్పి తెల్లవారగానే బయటికి వెళ్లింది.

నాలుగో గోడకి, నేలమీద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, అరచేతి వెడల్పున ఒక నూనె మరక ఉంది. కాజాలక్క మొగుడు చివరి ఏడాదంతా అక్కడే కూర్చుని గడిపాడు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. పోయి నాలుగు నెలలైంది.

నూనె మీద సున్నం నిలవదు. పెచ్చులుగా ఊడిపోతుంది. పని తెలిసినవాడు ఎవడైనా ముందు దాన్ని గీకి, చాకలి సోడా కలిపిన నీళ్లతో కడుగుతాడు. మేస్త్రి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పని తెలిసినవాడు చేసినట్టే చేశాడు.

ఆ ఇంట్లో పన్నెండు గదులు, అందులో ఒకటి మేస్త్రిది. ఒక్కో గదికి పదకొండు నెలలకి ఒకసారి సున్నం పడుతుంది. చుట్టాలొస్తే ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్లు. అడక్కుండా ఏటా సున్నం వేయించే ఇంటాయన ఇంకెక్కడ దొరుకుతాడు? సున్నం పడే రోజు ఆ గదివాళ్లకి పక్కగదివాళ్లే అన్నం పెట్టేవాళ్లు. పిల్లలు వసారాలో సామాను మధ్య ఇళ్లు కట్టుకుని ఆడుకునేవాళ్లు. "మనకి లేకపోయినా గోడలకైతే ఏటా కొత్తబట్టలు" అని కండక్టరు నవ్వించేవాడు.

సాయంత్రం ఇంటాయన తాళం తీసుకుని, మళ్లీ ఇచ్చి, కొత్త అద్దె రాసిన కాగితం మీద గదివాళ్ల చేత సంతకం పెట్టించుకునేవాడు. సున్నం ఖర్చు ఆయన మీద పడింది కదా, అద్దె పెరగడంలో తప్పేముంది అనుకునేవాళ్లు. మేస్త్రికి వేరే చీటీ ఉండేది. దాని అడుగున పేరు రాసి ఏడు వందలు తీసుకునేవాడు. అతనికి చదవడం రాక కాదు. నెమ్మదిగా కూడబలుక్కుని చదవగలడు. డబ్బు చేతిలో పెట్టి చీటీ ఇచ్చినప్పుడు నిలబడి చదివితే ఇచ్చిన మనిషిని అనుమానించినట్టు ఉంటుందని ఏ రోజూ చదవలేదు.

ఒంటిగంటకి కాజాలక్క వచ్చింది. చెప్పులు బయట విడిచి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ గదిలోకి అడుగుపెట్టింది. నాలుగో గోడ వైపు చూసింది. సోడా నీళ్లకి తడిసిన చోటు ఇంకా ఆరలేదు.

"బాగా గీకావు తమ్ముడూ" అంది.

మేస్త్రి కుంచె తిరగేసి, మళ్లీ తిరగేసి చూసుకున్నాడు. "సున్నం నిలవదక్కా, అందుకని..."

"తెలుసులే. పని పనే."

"పొద్దున్నుంచీ ఎక్కడికి పోయావు? అన్నం కూడా తినలేదంట. మా ఆవిడ నీకు తీసి పెట్టింది."

"అద్దెల ఆఫీసుకి పోయాను."

"నువ్వా?"

"ఏం, నేను పోకూడదా? ఏడు వేలంట ఇకనుంచి. పోయినేడు అయిదు వేల ఎనిమిది వందలు. చొక్కాకి ఏడు కాజాలు, చొక్కాకి పది రూపాయలిస్తాడు షాపువాడు. కళ్లు పీకేలా కుడితే రోజుకి పాతిక చొక్కాలు. ఒక్కరోజు మానకుండా కుట్టినా నెలకి ఏడున్నర వేలు. అద్దె పోగా మిగిలిన దాంతో ఏం తినను? దారం తిననా?"

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వడం లేదు.

"అక్కడ కళ్లజోడు పెట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. ఉంటున్నవాళ్లకి ఏడాదికి ఒక్కసారే పెంచాలంట. నూటికి అయిదు దాటకూడదంట. రెండు నెలల ముందే కాగితం చేతికివ్వాలంట. అవన్నీ అక్కడ గోడకి అంటించే ఉన్నాయి."

"అయితే ఇంకేం అక్కా! బతికిపోయావు."

"నేనూ అదే అనుకున్నా. ఈలోపు ఫైలు తీసింది. 'అమ్మా, పద్నాలుగేళ్లుగా ఉంటున్నానంటున్నారు, ఈ కాగితాల లెక్కన మీరొచ్చి పదకొండు నెలలే అయింది' అంది."

మేస్త్రికి అర్థం కాలేదు.

"ఏటా గది ఖాళీ చేసి వెళ్లిపోయానంట. ఏటా కొత్తగా వచ్చానంట. కొత్తగా వచ్చినవాళ్లకి ఎంతయినా చెప్పుకోవచ్చంట. 'నేనెక్కడికీ పోలేదమ్మా, వసారాలోకి పోయాను' అన్నాను. సాక్షి సంతకం ఉందంది. చూపించింది." కాజాలక్క చెయ్యి చాచి నిచ్చెన మెట్టు పట్టుకుంది. "నీది."

"నాదా?"

"నీ రాత నాకు తెలియదా? ఆయన పోయిన రోజు ఆసుపత్రి కాగితం మీద నా సంతకం పక్కన రాసింది నువ్వేగా."

"అది కూలి రసీదక్కా! ఏడు వందలకి..."

"కూలి అనే ముక్కే లేదందులో. ఆ పిల్ల రెండుసార్లు చదివి వినిపించింది. 'గది పూర్తిగా ఖాళీ చేసి తాళం అప్పగించారు, నేను కళ్లారా చూసి సున్నం వేశాను' అని. అంతే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది మేస్త్రికి. ఇక్కడ కుంచె పట్టి ఆరేళ్లు. పన్నెండు గదులు. తన గది కూడా. తన గోడలకి నీలిమందు ఒక చిటికెడు ఎక్కువ కలుపుకుని, సొంత గదికి సున్నం వేసుకున్నందుకు కూలి దొరికిందని పెళ్లాంతో హాస్యమాడిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా చీటీ మీద పేరు రాశాడు.

"మరిప్పుడు?" అన్నాడు.

"ఇవాళ గది ఖాళీ కాకపోతే, తాళం ఇవ్వకపోతే, పాత అద్దే సాగుతుందంట. పెంచినా రెండు వందల తొంభై. నేనైతే తాళం ఇవ్వను. నిన్నేం అడగడం లేదు తమ్ముడూ. నీకూ సంసారం ఉంది."

మేస్త్రి భార్య అన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. గిన్నె కాజాలక్క చేతికిచ్చి, మొగుణ్ని వసారా చివరికి పిలిచింది.

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"తెలీదు."

"ఇంటాయనకి మూడిళ్లు. ఏడాదికి నలభై రోజులు పని. వానల్లో ఇంకెవరూ పిలవరు, మన పొయ్యి వెలిగేది ఆ నలభైతోనే. నువ్వు మానేస్తే ఇంకొకడొచ్చి కుంచె పడతాడు. ఆవిడకి ఒరిగేదేముంది?"

"మన గది కూడా అంతేగా."

"మన గది వచ్చే నెల. గుర్తుంది కదా?" అంది. బెదిరింపుగా కాదు, నిజంగానే గుర్తుందో లేదోనని. తమ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

అయిదింటికి ఇంటాయన వచ్చాడు. ఆయన ఎన్నడూ గొంతు పెంచడు. అందరినీ చెల్లెమ్మా, అల్లుడూ అని వరస కలిపి పిలుస్తాడు. జ్వరమొచ్చిన పిల్లల పేర్లు కూడా గుర్తు పెట్టుకుంటాడు. గుమ్మంలో ఆగి గోడలు చూశాడు.

"ఇదేంటి మేస్త్రీ, ఒక్క పూత కూడా పడలేదా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది సార్."

గదిలో కాజాలక్క కిటికీ దగ్గర కూర్చుని, చొక్కా ఒళ్లో పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. చుట్టూ ఖాళీ నేల. గీకిన పొడి అప్పటికే ఊడ్చేసింది.

"లే చెల్లెమ్మా, తాళం ఇలా ఇవ్వు. సున్నం సంగతి రేపు చూసుకుందాం."

"తాళం నా దగ్గరే ఉండనీ అన్నయ్యా" అంది ఆమె దారం కొస కొరికి.

ఇంటాయన చిరునవ్వు చెదరలేదు. జేబులోంచి చీటీ తీసి, పైన ఏడు వందలు పెట్టి మేస్త్రికి అందించాడు. "ఆవిడకి మనసు బాగాలేదు పాపం. నువ్వు సంతకం పెట్టేయ్. మిగతాది నేను చూసుకుంటా."

మేస్త్రి డబ్బు తియ్యకుండా చీటీ ఒక్కటే తీసుకున్నాడు. వెలుతురులోకి జరిగి, పెదాలు కదిలిస్తూ చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వరుసలే. అయినా చాలాసేపు పట్టింది. వసారాలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. డ్యూటీ దిగి వచ్చిన కండక్టరు, భుజాన సంచీ అలాగే ఉంచుకుని, సామాను పక్కన ఆగిపోయాడు.

"ఆరేళ్లలో లేని చదువు ఇవాళెందుకు మేస్త్రీ?"

"ఆరేళ్ల కిందే చదవాల్సింది సార్." చీటీ మడిచి ఇంటాయన చేతిలో పెట్టాడు. "గది ఖాళీగా ఉందని రాసుంది. గది ఖాళీగా లేదు. అక్క ఉంది. నేను సంతకం పెట్టను."

"గోడలు గీకి పాడు చేశావు. దాని సంగతి?"

"పాడే సార్. నేనే చేశాను."

"వచ్చే నెల నీ గది."

"గుర్తుంది."

ఇంటాయన వసారా వైపు తిరిగాడు. కలం తీసి మూత విప్పాడు. "ఎవరైనా సరే, ఒక్క సంతకం. చూసినట్టు. ఈ నెల అద్దెలో అయిదు వందలు వదిలేస్తా" అన్నాడు, పిల్లలకి బిస్కెట్లు పంచేటంత మెత్తగా. ఎవరూ కదల్లేదు. ఎవరూ లోపలికీ పోలేదు. ఆయన కలం కండక్టరు వైపు చాచాడు. "ఏం అల్లుడూ, నీ బాకీ కూడా రెండు నెలలు ఉన్నట్టుంది?"

మేస్త్రి గిన్నెల మూట, ట్రంకుపెట్టె, పరుపుచుట్ట ఒకటొకటిగా లోపల పెట్టి వచ్చాడు. ఇనుప మంచం మిగిలింది. దానికి ఇద్దరు కావాలి. ఒక కొస ఎత్తి పట్టుకుని కండక్టరు ముఖంలోకి చూశాడు. కండక్టరు కలాన్ని చూశాడు, మంచాన్ని చూశాడు. సంచీ భుజం మీంచి దించాడు.

మంచం రెండో కొస ఇంకా నేలమీదే ఉంది.