శేరు దక్కిన ఆటల పెట్టె

ముందుగా మన్నించండి. అక్షరాలు నాకు పెద్దతనంలో పట్టుబడ్డాయి, చెయ్యి మెల్లగా కదులుతుంది. 'షేరు' అని రాయాల్సిన చోట నాకు 'శేరు' అనే పడుతుంది. పంతులమ్మ దిద్దీ దిద్దీ ఊరుకుంది. ఇక మా ఆటల పెట్టె మాట వినండి.

నేను ఒక వీడియో గేమ్ పెట్టెను. ఏదో దూరదేశపు కర్మాగారంలో పుట్టి, ఓడెక్కి విశాఖ చేరాను. కంచరపాలెంలో ఎర్రునాయుడు నన్ను కొని, కొట్టులో పెట్టి, గంటకింతని పిల్లల చేత ఆడించేవాడు. మనుషులు చిత్రమైనవాళ్ళు. నాలో కారు గోడకు గుద్దుకుంటే తమ తల పట్టుకునేవారు.

నాలో ఆడే ఆటలు తయారుచేసే కంపెనీ మీద నాయుడికి గురి కుదిరింది. అందులో శేర్లు కొని భార్య సన్యాసమ్మ పేరున పెట్టాడు. "నీ పేర శేర్లు కొన్నానే" అంటే ఆమె, "ఏ గదిలో పోసినావు? ఎలకలు తినెత్తాయి" అంది. నాయుడు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ మరుసటి ఏడే పోయాడు. ఆ నవ్వూ ఆ శేర్లూ ఆమెకు మిగిలాయి.

అంతలో కొత్త రకం పెట్టె వస్తోందని కబురు. నా ఆటలు కొనేవాళ్ళు లేరు. కొత్త పెట్టెకు ఆటలింకా తయారు కాలేదు. శేర్ల ధర దిగజారింది. సన్యాసమ్మ తమ్ముడు గౌరినాయుడు పరుగున వచ్చాడు.

"అప్పా, అమ్మీయే! ఆ కంపెనీ ములిగిపోతాది. బావ కట్టం బూడిదైపోద్ది!"

ఆ శేర్లు పోతే సన్యాసమ్మకు వేరే ఆధారం లేదు. నా మీది దుమ్ము తుడుస్తూ అంది: "వరి కోసీసినాక, ఊడుపులు కాకముందు సేను బోడిగుంటాది. అప్పుడు సేనమ్ముకుంతామేటిరా?"

"సేనూ ఆటా ఒకటేటే?"

"పెట్టె పోతే పోనీ. ఆడే పిల్లలు పోతారేటి?"

నా ముఖం తుడుస్తూనే నన్ను పొమ్మంది. నాకు గుచ్చుకుంది.

గౌరినాయుడి భయం ఉత్తది కాదు. ధర ఇంకా పడింది. కొట్టు మూసి ఆమె వీధి చివర ఇడ్లీలు వేసింది. మరుసటి ఏటికి ఆ కంపెనీ ఆట కొత్త పెట్టెలోకి వచ్చింది. పిల్లలు ఎగబడ్డారు, శేర్లు లేచాయి. కొన్ని అమ్మి ఆమె కొత్త పెట్టె కొంది. నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది గౌరినాయుడే.

"ఊడుపులైనాయే, అప్పా!"

నన్ను పాతసామాన్లవాడికి వేస్తారనుకున్నాను. సన్యాసమ్మ నన్ను వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టి, బియ్యం కొలిచే ఇత్తడి శేరు నా మీద బోర్లించింది. ఆ కంపెనీలో నాకు షేరు లేదు. శేరు మాత్రం దక్కింది.

రాసినది: బొడ్డు సన్యాసమ్మ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడూ ఉండేది కంచరపాలెంలోనే, కొట్టు వెనక గదిలో.