చెరిపి రాసే డిస్క్

“నీ అల్మార్ల గా పాత డిస్క్ ఉన్నది గదా సంధ్యా, అది చెరిపి భీమ్‌రావు తాతకు మనుమని బర్త్‌డే ఎక్కియ్యి. సాయంత్రం షాపుకు వస్తడు” అని చెప్పి భూమేష్ ఫోన్ పెట్టేశాడు.

మిద్దె మీద ఉడికిన పసుపు కొమ్ములు పరుస్తున్న సంధ్యారాణి చేతులు ఆగిపోయాయి. భర్త భూమేష్‌కు ఆర్మూర్‌లో వీడియో షాపు. పెళ్లిళ్లు తీసేది అతడు. తీసినవి కోసి, అతికించి, పాటలు పెట్టేది ఇంట్లో ఆమె. బోర్డు మీద మాత్రం అతడి పేరే. “కంప్యూటర్ ముంగట కూసునుడు గూడ పనేనా పిల్లా? నడుమన్న వంగదాయె” అంటుంది అత్త వెంకవ్వ. పసుపు చేతులతో మౌస్ ముట్టుకుంటే భూమేష్ కసురుతాడు. చేతులు కడుక్కుని కూర్చుంటే అత్త సణుగుతుంది. ఇప్పుడంతా పెన్‌డ్రైవ్‌లే. భీమ్‌రావు ఇంట్లో పాత ప్లేయరే ఉంది, కొత్త డిస్కులేమో షాపుల్లో దొరకడం లేదు.

చీరల మడతల్లోంచి డిస్క్ తీసింది. చెరిపే ముందు ఒక్కసారి చూద్దామనుకుంది. చిన్నది పూజిత వచ్చి ఒళ్లో కూర్చుంది.

తెర మీద రెండు జడల పిల్ల. తాను ఇంటర్‌లో ఉండగా, కాలేజీ సైన్స్ ప్రదర్శనలో స్వర్ణలత మేడమ్ తీయించిన వీడియో. ఆ పిల్ల చేతిలోనూ ఇలాంటి డిస్కే. “దీని లోపల సన్నటి పొర ఉంటుంది. లేజర్ గట్టిగా తగిలితే అక్కడ కరిగి, టక్కున చల్లారి, గాజులాగ ఉండిపోతుంది. అదే రాత. మెల్లగా వేడి చేస్తే మళ్లీ పలుకు కడుతుంది, రాత పోతుంది. మన చక్కెర పాకం లేదా? చన్నీళ్లలో వేస్తే గాజు. నిమ్మళంగా చల్లారితే పలుకులు.” ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల తల ఎత్తి నవ్వింది. ఆ ఏడాదే పెళ్లయింది. పరీక్షలు రాయనేలేదు.

“గా అక్క ఎవరు మమ్మీ?” అంది పూజిత.

సంధ్య వీడియో ఆపేసింది. పొద్దున లేచింది మొదలు ఎవరికి ఏది కావాలంటే అది తన మీద రాసుకుంటూనే ఉన్నారు. కోడలు, వంటమనిషి, పసుపు కూలీ, షాపులో కనిపించని మనిషి. పాప కూడా రేపు తనలాగే అయిపోతుందేమోనని రోజూ భయం. ఇప్పుడు ఆ పిల్లను తన చేత్తోనే చెరపాలి.

అల్మారాలో అలాంటి డిస్కే ఇంకొకటి ఉంది. తమ పెళ్లిది. “ఇప్పటికి దీంట్ల ఉండనీ, తర్వాత మంచిదాంట్ల ఎక్కిస్త” అన్నాడు భూమేష్ అప్పట్లో. కంప్యూటర్‌లోని కాపీ ఎప్పుడో పోయింది. అతడు మళ్లీ ఎక్కించలేదు, ఒక్కనాడూ చూడలేదు. సంధ్య చూసింది. అందులో తన ముఖం ఎక్కడా సరిగ్గా కనిపించదు. పక్క నుంచి ఆడబిడ్డ గొంతు మాత్రం వినిపిస్తుంది: “తల దించు, సదువుకున్న పొగరు కనవడొద్దు.”

డ్రైవ్‌లోంచి మొదటి డిస్క్ తీసి, రెండోది పెట్టింది. త్వరగా చెరపాలా, పూర్తిగా చెరపాలా అని కంప్యూటర్ అడిగింది. పూర్తిగా అని నొక్కింది. డిస్క్ తిరుగుతున్నంతసేపూ పాప తల దువ్వుతూ కూర్చుంది. తర్వాత దాని మీదికి భీమ్‌రావు మనుమడి కేకు, బెలూన్లు ఎక్కించింది.

సాయంత్రం భూమేష్ వచ్చి డిస్క్ అందుకున్నాడు.

“చెరిపినవా?”

“చెరిపిన.”

“మంచిగయింది” అంటూ బండి తాళం తీసుకున్నాడు. ఏది చెరిపావని అడగలేదు. అడిగితే చెప్పాలనే వాకిట్లో నిలబడింది. బండి మలుపు తిరిగాక లోపలికి వచ్చి పాపను మళ్లీ ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

“గా అక్క ఎవరో చెప్త, రా” అంది.