వడకట్టిన వణుకు

పెద్దాయన డ్రమ్ముల ముందు కూర్చుంటే గోడలు కూడా తలలూపుతాయని వాద్యబృందంలో వాళ్ళు అనుకునేవారు. అందరికీ ఆయన గురువుగారు, కోడలికి మాత్రం మామయ్య. కొడుకు పళ్ళ డాక్టరు. వాడికి తాళమంటే క్లినిక్కుకు వేసేదొక్కటేనని ఆయన ఎగతాళి. ఇంట్లో సంగీతం పిచ్చి కోడలికే అంటుకుంది.

వాయిద్యాలను కంప్యూటరుకు కలపడం ఆమె పని. ఆ డ్రమ్ములు చూడటానికి రబ్బరు పళ్ళేల్లా ఉండేవి. మోతంతా స్పీకర్లలోంచే వచ్చేది. కచేరీకి వచ్చిన ప్రతివాళ్ళకూ అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళ ఒకటి ఇచ్చేవారు. మామయ్య దెబ్బ వేస్తే ఆ బిళ్ళలన్నీ అదిరేవి. వాళ్ళు బిళ్ళను నొక్కితే స్పీకర్లలో సన్నని హోరు పుట్టేది. ఎంతమంది నొక్కితే అంత నిండుగా వినబడేది.

"టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళ చేత పని చేయిస్తావా అమ్మాయ్?" అన్నాడు ఆయన మొదట్లో. రెండు కచేరీలు కాగానే, ఆ హోరు లేకపోతే చప్పగా ఉందన్నదీ ఆయనే.

కొంతకాలంగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ కప్పు పట్టుకుంటే సాసరు గలగలలాడేది. నరాల డాక్టరు మందులు రాశాడు గాని, వాయించడం మానమనలేదు. విచిత్రంగా, స్పీకర్లలో మాత్రం ఆయన దెబ్బలు ఎప్పటిలాగే పొల్లుపోకుండా పలికేవి. ఇంకెక్కడ మాట వినకపోయినా డ్రమ్ముల దగ్గర తన చెయ్యి తన మాట వింటోందని ఆయన లోలోపల పొంగిపోయేవాడు.

ఒకనాడు సాధన మధ్యలో, అందరూ మంచినీళ్ళకు లేచినప్పుడు, ఆయన ఊరికే ఒక బిళ్ళను ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేతిలో పుల్లను డ్రమ్ము మీద ఆనించాడు. పుల్ల టకటకా కొట్టుకుంటోంది. బిళ్ళ మాత్రం ఉలకలేదు, పలకలేదు. గట్టిగా ఒక దెబ్బ వేశాడు. అదిరింది. మళ్ళీ ఆనించాడు. ఏమీ లేదు.

"అమ్మాయ్, ఇదెందుకు పలకట్లేదు?"

కోడలు కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. "వణుకును వడకట్టేస్తున్నా మామయ్యా. అసలు దెబ్బలే బయటికెళ్తాయి."

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానాకాలం నుంచి."

"అయితే అందరూ చప్పట్లు కొట్టింది ఎవరికి?"

"మీకే. ఆ దెబ్బలన్నీ మీవే. నేను ఒక్కటీ కలపలేదు."

"కలపలేదు, తీసేశావు. నాతో ఒక్క మాట అనాల్సింది."

ఆమె గొంతు తగ్గింది. "చెప్తే మానేస్తారని భయమేసింది."

ఆ పూట ఇంట్లో కొడుకు కదిలించబోతే, "నువ్వు పళ్ళు చూసుకో నాయనా," అని ముఖం తిప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కోడలి గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ జల్లెడ తీసెయ్యి."

"వేగంగా వాయించేచోట అంతా గజిబిజైపోతుంది మామయ్యా. మీకే కష్టం."

"ఉంచడం, తీయడం నా చేతిలో పెట్టు. ఎప్పుడేది కావాలో నేను చూసుకుంటా."

ఆమె కాసేపు వాదించి, చివరికి చిన్న పెడల్ ఒకటి తెచ్చి ఆయన ఎడమకాలి కింద బిగించింది. అది నొక్కితే వడపోత ఆగిపోతుంది.

ఆ తర్వాతి కచేరీలో వేగమైన పాటలన్నీ వడపోతతోనే గడిచాయి. ఆఖరిది నెమ్మదిగా సాగే పాట. అక్కడ ఆయన పెడల్ నొక్కాడు.

వణుకు ఒక్కసారిగా హాలంతా పాకింది. కొందరు బిళ్ళను తిరగేసి చూశారు. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఒక దెబ్బ గతి తప్పింది. ఆయన చెవులు వేడెక్కాయి; కాలు తీసేద్దామా అనిపించింది, తీయలేదు. ఎక్కడో వెనక నుంచి చిన్న హోరు మొదలైంది. పక్కవాళ్ళూ అందుకున్నారు. అదేమిటో వాళ్ళకు తెలియకపోవచ్చు. వణికే పిట్టపిల్ల చేతికి చిక్కితే పొదివి పట్టుకున్నట్టు పట్టుకున్నారంతే. హోరు చిక్కబడింది. చెయ్యి వణుకు ఏమీ తగ్గలేదు గాని ఆయనే దాన్ని అణచుకోవడం మానేశాడు. పెద్ద దెబ్బలు ఎడమచేతికి అప్పగించి, కుడిచేతిని ఆ హోరులో దాని ఇష్టానికి వదిలేసి, పాట చివరిదాకా వాయించాడు.

బయటికి వెళ్ళేముందు ఒకావిడ బిళ్ళ తిరిగి ఇస్తూ, "మధ్యలో పాడైపోయిందనుకున్నానండీ," అంది. "చలేసినట్టు వణికింది. ఏం చెయ్యాలో తోచక రెండు చేతుల్తో పట్టుక్కూర్చున్నా."

"పాడవలేదమ్మా. అది నా చెయ్యి."

ఆవిడ ఆయన చేతికేసి చూసింది. "నొప్పిగా ఉంటుందా?"

"నొప్పేం లేదు. చెప్పిన మాట వినదు, అంతే."

ఆవిడ వెళ్ళాక కోడలు వైర్లు చుడుతూ నెమ్మదిగా అంది. "అక్కడొక దెబ్బ తప్పింది మామయ్యా."

"ఒకటి కాదు, రెండు," అన్నాడాయన, ఆమె పక్కనే కూర్చుని వైరు రెండో కొస అందుకుంటూ. "రెండోది నీకు వినబడలేదు. అప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నావు."