ఏపేజీ మేడమ్

మా ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఏపేజీ మేడమే. ఎవరు ఏ సెమినార్లో ఏం చదివినా, అయిపోగానే చివరి వరసలో సన్నగా ఒక చెయ్యి లేస్తుంది. "ఏ ఎడిషన్? ఏ పేజీ?" అంతే. మెచ్చుకోదు, తిట్టదు. జవాబు చెప్తే చిన్న కాగితం ముక్క మీద రాసుకుని కూర్చుంటుంది. చెప్పలేకపోయినా కూర్చుంటుంది గానీ, అప్పుడు కూర్చోవాలో నిలబడాలో మనకే తెలియదు.

నాకు ఆవిడంటే ఒళ్ళు మంటగా ఉండేది. ఇవాళ ఎవరైనా ఆవిడ మీద జోకు వేస్తే వాళ్ళంటే ఒళ్ళు మంట.

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. "తుమ్మకే, ఊడి పడుతుంది" అంటాడు మా ఆయన. అలాంటి నేను ఆరేళ్ళ పాటు పీహెచ్‌డీ చేసింది మాత్రం నోరు విప్పని ఒక ఆడమనిషి మీద. నూరేళ్ళు దాటిన ఒక ఇంగ్లీషు నవల్లోని మనిషి ఆమె. రాసినావిడ మూడు నవలలు రాసింది, మూడింటినీ లోకం మర్చిపోయింది. ఆ నవల్లో గడియారాల వ్యాపారి భార్య ఒకామె ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో గలగలా మాట్లాడే మనిషి. పోనుపోను మాటలు తగ్గిపోతాయి. ఆఖరికి, పుట్టింటివాళ్ళు రాసిచ్చిన ఇల్లు అమ్మేద్దాం, సంతకం పెట్టు అని భర్త కాగితాలు ముందు పెడితే ఆమె ఏమీ అనదు. కిటికీ వైపు చూస్తుంది. అక్కడితో అధ్యాయం అయిపోతుంది. తర్వాతి అధ్యాయంలో ఇల్లు ఆమె పేరునే ఉంటుంది, భర్త వేరే ఊళ్ళో ఉంటాడు.

ఆ కిటికీ వైపు చూపు మీద నేను నలభై పేజీలు రాశాను. ఎందుకు రాయను? నేనైతే వీధి వీధంతా గుమిగూడేలా అరిచేదాన్ని. ఒక్క మాట ఖర్చు పెట్టకుండా ఇల్లు నిలబెట్టుకుందంటే ఆ మౌనంలో ఎంత బలం ఉండాలి! నా థీసిస్ మొత్తం ఆ బలం మీదే నిలబడి ఉంది.

పుస్తకం కొన్నది మా ఆయన. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆయన ఇంగ్లీషు ఫ్రిజ్ మాన్యువళ్ళ దాకానే. పెళ్ళయిన కొత్తలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలోంచి ఏరి, "నీకు ఇంగ్లీషంటే ఇష్టం కదా" అని తెచ్చిచ్చాడు. అట్ట లేదు, మొదటి రెండు మూడు కాగితాలూ చిరిగిపోయాయి. అయినా నాకది ప్రాణం. ఎక్కడ వెతికినా ఇంకో ప్రతి దొరకలేదు. రెండుసార్లు అచ్చయిందని మాత్రం ఒక కేటలాగులో చూశాను. రెండోది మొదటిదానికి నకలే అయ్యుంటుందిలే అనుకున్నాను. మా గైడు కూడా నా ప్రతే చదివారు. ఆయన దేనికైనా "సరే, కానివ్వండి" అనే మనిషి. దీనికీ అదే అన్నారు.

ఈ ఆరేళ్ళూ కథంతా విన్న ఇంకో మనిషి మా అత్తయ్య. "అంత నెమ్మదైన కోడలు! ఏ అత్త చేసుకున్న పుణ్యమో" అని నావైపు ఓరగా చూసేది.

"ఆ అత్త మొదటి అధ్యాయంలోనే పోయింది అత్తయ్యా."

"అదీ! సుఖపడే యోగం ఉండొద్దూ" అనేది.

థీసిస్ ఇచ్చే ముందు అందరి ఎదుటా ఒకసారి దాని సారాంశం చదవాలి. చదివాను. చప్పట్లు కొట్టారు. చివరి వరసలో చెయ్యి లేచింది.

"కిటికీ వైపు చూసింది అన్నారు. ఏ ఎడిషన్? ఏ పేజీ?"

"ఎనభై ఎనిమిదో పేజీ మేడమ్. ఎడిషన్ అంటారా, మొదటి కాగితాలు చిరిగిపోయాయి. ఉన్నదదొక్కటే. మీ దగ్గర ఇంకోటుంటే ఇవ్వండి, పుణ్యముంటుంది."

హాలంతా నవ్వింది. ఆవిడ కాగితం ముక్క మీద ఏదో రాసుకుని కూర్చుంది. భలే నోరు మూయించానని ఇంటికొచ్చి మా ఆయనకి రెండుసార్లు చెప్పుకున్నాను.

తర్వాత నాలుగైదు వారాలకి, ఒక ఆదివారం పొద్దున, బట్టలు ఆరేస్తుంటే గేటు చప్పుడైంది. చూస్తే ఏపేజీ మేడమ్. ఒక భుజానికి బ్యాగు, చేతిలో తాడుతో కట్టిన కాగితాల కట్ట. మా ఇంటికి ఆవిడ ఎప్పుడూ రాలేదు. లోపలికి రమ్మన్నాను, అనక తప్పుతుందా. అత్తయ్య టీ పెట్టింది.

"నా పని మీద వేరే ఊరు వెళ్ళాను మేడమ్. అక్కడ పాత లైబ్రరీ ఒకటుంది. ఎందుకైనా మంచిదని మీ నవల అడిగాను. ఇచ్చారు" అంది. చేతిలో కట్ట బల్ల మీద పెట్టి, "మీ పుస్తకానికి రెండింతలుంది" అంది.

అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో బట్టల క్లిప్పు కింద పడింది. కేటలాగులో నేను చూసిన ఆ రెండో అచ్చు పిల్లల కోసం కుదించిందట, నా దగ్గరున్నది అదే. చిరిగిపోయిన మొదటి కాగితంలో ఆ ముక్క అచ్చయి ఉంటుంది.

"మొత్తం ఫొటోలు తీసుకుని ప్రింటు తీయించాను" అని ఆవిడ కట్ట విప్పి, గుర్తు పెట్టిన కాగితం నా ముందుకి జరిపింది. చదివాను. గడియారాల వ్యాపారి భార్య కిటికీ వైపు చూసింది. నిజమే. చూసి, లేచి వెళ్ళి, ఇరుగుపొరుగు వినకుండా ఆ కిటికీ మూసింది. మూసొచ్చి మొగుడి ముందు నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మాటలు ఏడు పేజీలున్నాయి.

ఆ నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరు. దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, ఆరేళ్ళూ గాలికి పోయినట్టే. కాలేజీలో నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేది కూడా ఈ డిగ్రీ మీదే.

"దీని సంగతి ఇంకెవరికి తెలుసు?" అన్నాను.

"ఎవరికీ తెలియదు. నేను చెప్పను. కట్ట ఇక్కడ పెట్టి వెళ్తాను, ఏం చేస్తారో మీ ఇష్టం."

"వైవా దాకా ఆగి అందరి ముందూ అడగొచ్చుగా? ఆ రోజు మిమ్మల్ని అంత మాటన్నాను."

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ప్రశ్న అడిగేది జవాబు వినడానికి మేడమ్. మీ దగ్గర జవాబు లేదని తెలిశాక ఇంకెందుకు అడుగుతాను?"

అబద్ధమెందుకు, కట్టని అటక మీద పెట్టేద్దామా అన్న ఆలోచన నాకొచ్చింది. ఇంతలో టీ గ్లాసులతో అత్తయ్య వచ్చి కూర్చుంది. "ఏంటమ్మాయ్, మొహం అలా వేలాడేశావు? ఏముంది అందులో?"

"ఆ పిల్ల మాట్లాడింది అత్తయ్యా."

"ఏ పిల్ల? గడియారాలాయన పెళ్ళామా? ఏమందీ?"

చెప్పక తప్పింది కాదు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. 'ఈ గోడలు మా నాన్న దగ్గరుండి కట్టించాడు. నువ్వు కట్టించింది ఏముంది, గోడ మీద మేకు తప్ప? ఆ మేక్కి నీ గడియారం. రోజూ దానికి కీ ఇచ్చినట్టు నాకూ ఇస్తే తిరుగుతాననుకున్నావా? సంతకం పెట్టను. కాగితాలు తీసుకెళ్ళి ఆ గడియారంలో దాచుకో...' రెండో పేజీకొచ్చేసరికి అత్తయ్య నోరెళ్ళబెట్టింది. నాలుగో పేజీకి గ్లాసు కింద పెట్టేసి, "అద్దీ! ఇంకా, ఇంకా" అంటోంది. నేను లేచి నిలబడి చదువుతున్నాను. ఏపేజీ మేడమ్ టీ చల్లారిపోతోంది, ఆవిడ నన్నే చూస్తోంది.

అయిపోయింది. అత్తయ్య ఊపిరి పీల్చుకుని, "ఇంత నోరున్న మనిషినా మనం ఆరేళ్ళూ పాపం అనుకున్నాం" అంది.

అప్పుడొచ్చింది నాకు కోపం. నా మీద కాదు, ఏపేజీ మేడమ్ మీద కాదు. ఆ ఏడు పేజీలూ కత్తిరించిన వాడి మీద. కట్ట ముందుకీ వెనక్కీ తిరగేస్తూ, "ఎవడు వీడు? గడియారాల వర్ణన పది పేజీలు పొల్లు పోకుండా ఉంచాడు. మొగుడి ఉపన్యాసాలన్నీ ఉంచాడు. ఈమె మాట్లాడిన చోటల్లా కత్తెర పెట్టాడు. పిల్లలు వినకూడని మాట ఇందులో ఏముంది? ఇల్లు నాది అనడమా? నోరు కట్టేసి, పైగా నాచేత దాన్ని మౌనం అనిపించాడు! వీడి మొహం మండ! దొరికితే..." ఇంకా చాలా అన్నాను. పక్కింటివాళ్ళ కుక్క కూడా మొరగడం మొదలుపెట్టింది.

ఏపేజీ మేడమ్ బ్యాగులోంచి కాగితం ముక్కా పెన్సిలూ తీసి నా ముందు పెట్టింది. "ఇవే రాయండి మేడమ్."

"ఏవి?"

"ఈ తిట్లే. పేజీ నంబర్లు పెట్టి."

మర్నాడే గైడుగారి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నేనూ చూసుకోవాల్సింది" అన్నారు. తర్వాత మామూలుగానే "సరే, కానివ్వండి" అన్నారు గానీ, ఈసారి ఆ మాట నాకు కొండంత అండగా అనిపించింది.

సెలవులు కావడంతో డిపార్ట్‌మెంటు ఖాళీగా ఉండేది. ఫ్యాను కిర్రుమనే ఆ గదిలో పొడుగు బల్లకి అటు నా చిరుగుల పుస్తకం, ఇటు ఆవిడ తెచ్చిన కట్ట. రోజూ ఆవిడ పిలవకుండానే వచ్చేది. నేను చిన్నదాంట్లోంచి ఒక వాక్యం చదివితే, ఆవిడ పెద్దదాంట్లో వేలు పెట్టి దాని తర్వాత ఏం పోయిందో చదివేది. అలా మొదటి నుంచి చివరిదాకా సరిచూశాం. ఎన్నోసార్లు కోప్పడ్డాను, రెండుసార్లు ఏడ్చాను. నేను ఏడ్చినప్పుడు ఆవిడ ఓదార్చలేదు. వేలు మాత్రం పేజీ మీదనుంచి తీయకుండా అలాగే కూర్చుంది, నేను తిరిగొచ్చేసరికి చోటు తప్పిపోకూడదని. నన్నెవరూ అంత బాగా ఓదార్చలేదు.

కిటికీ మీద రాసిన నలభై పేజీలూ పారేయలేదు. అలాగే ఉంచి, కత్తిరించిన పుస్తకం చదివితే మనిషి ఎలా మోసపోతుందో చెప్పడానికి వాటినే సాక్ష్యంగా పెట్టాను. గడువుకి రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చేశాను. మొదటి పేజీలో కృతజ్ఞతల్లో ఆవిడ అసలు పేరు రాస్తే, ఆవిడ చూసి, "స్పెల్లింగు సరిగ్గానే ఉంది" అంది.

ఆర్నెల్ల తర్వాత వైవా. బయటినుంచి పరీక్షించడానికొచ్చిన ప్రొఫెసరు పెద్దమనిషే, మర్యాదగానే మాట్లాడారు. కానీ మొదటి ప్రశ్నే నా గుండెల మీద పడింది.

"కుదించిన ప్రతిని నమ్మి సగం పని చేశానని మీరే రాసుకున్నారు. అలాంటప్పుడు మిగతా సగాన్ని మేమెందుకు నమ్మాలి?"

జవాబు నాకు తెలుసు. అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నదే. కానీ నోరు పెగల్లేదు. ఇంట్లో గోడలు అదిరేలా అరిచే నేను, అక్కడ మైకు ముందు బొమ్మలా నిలబడిపోయాను. ముందు వరసలో మా ఆయన ఖర్చీఫ్ పిండేస్తున్నాడు. గైడుగారు కళ్ళజోడు తీసేశారు. ప్రొఫెసరుగారు కాగితం మీద ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. చూసుకుంటే, నేనూ కిటికీ వైపే చూస్తున్నాను.

చివరి వరసలో సన్నగా ఒక చెయ్యి లేచింది.

"చైర్ అనుమతిస్తే ఒక్క ప్రశ్న. ఆమె కిటికీ వైపు చూసింది అని మేడమ్ రాశారు. ఏ ఎడిషన్? ఏ పేజీ?"

కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. అలవాటు ప్రకారం నాకు చర్రుమంది. ఆ మంటతోనే గొంతు తెరుచుకుంది.

"కుదించిన దాంట్లో ఎనభై ఎనిమిదో పేజీ, మేడమ్. అక్కడ ఆ వాక్యంతో అధ్యాయం అయిపోతుంది. పూర్తి దాంట్లో నూట తొంభై ఆరు. అక్కడ చూసి, కిటికీ మూసి, మాట్లాడటం మొదలుపెడుతుంది. రెండొందల మూడు దాకా ఆపదు."

చెప్తుండగానే గుర్తొచ్చింది. జవాబు వినడానికే ప్రశ్న అడుగుతాను అన్న మనిషి ఆవిడ. నా దగ్గర జవాబుందని నాకంటే ముందు ఆవిడకి తెలుసు.

ఇక నేను ఆగలేదు. ఎక్కడెక్కడ ఏమేం కోశాడో, ఏవి ఉంచాడో, ఎవరి మాటలు ఉంచాడో, పేజీ తర్వాత పేజీ కాగితం చూడకుండా చెప్పుకుంటూ పోయాను. ప్రొఫెసరుగారు రాయడం ఆపి కలం మూత పెట్టేశారు. చివరికి, "నమ్మడానికి ఇంక ఏం కావాలి" అని ఆయనే అన్నారు.

బయటికి రాగానే మా ఆయన అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అత్తయ్య మాత్రం, "ఆ హాలు కిటికీలు ముందే మూయించాల్సిందమ్మాయ్, రోడ్డు దాకా వినపడింది నీ గొంతు" అని నవ్వి, కళ్ళు ఒత్తుకుంది.

నేను ఏపేజీ మేడమ్ కోసం వెతుక్కుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళాను. హాలంతా ఖాళీ అయినా ఆవిడ ఇంకా చివరి వరసలోనే ఉంది, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని ఏదో రాసుకుంటోంది. దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయాను. మళ్ళీ మాట రాలేదు. ఆవిడ తలెత్తి, ఒక పక్క కుర్చీ మీద బ్యాగు పెట్టి, రెండో పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది.

"తొందరేం లేదు, కూర్చోండి మేడమ్. నూట తొంభై ఆరు నుంచి ఎంతదాకా అన్నారు?"

"రెండొందల మూడు" అన్నాను, ఆవిడ భుజం మీద తల పెట్టి.

ఆవిడ రాసుకుంది.