గొల్లవాడ వైపు బాణం గుర్తు

ఆ ఆదివారం పొద్దున్నే నాగరాణి టీచరు మొగుణ్ని పాత బజారులోకి తోలి, తాను కాస్త దూరంగా వెనకాల నడిచింది.

"ఎవ్వర్నీ అడగొద్దు. గోడల మీద బాణం గుర్తులు సూసుకుంట పో. కొత్త మనిషికి దారి దొరుకుతదో లేదో తెల్వాలె నాకు" అని ముందే గట్టిగా చెప్పింది. ప్రేమ్‌కుమార్‌కు కోదాడలో కొలువు, సూర్యాపేటకు వచ్చేది ఆదివారాలే. కొత్త మనిషి కింద లెక్కే.

సకల జనుల సమ్మెలో బడికి తాళం పడ్డప్పుడు ఆమె పట్టిన పని ఇది. పాత కమాను, మెట్ల బావి, గడి గోడ, అన్నిటినీ కలుపుతూ ఎర్ర రంగుతో బాణాలు గీసింది. చివర గొల్లవాడలో ఒక పాత శాసనం రాయి. నిజానికి ఆ రాయి కోసమే మిగతావన్నీ. కమాను దొరది, బావి దొరది, గడి సరేసరి. రాయి మీద మాత్రం చెరువుకు తూము పెట్టించిన పోతిబోయుడనే గొర్ల కాపరి పేరుంది. నాగరాణిదీ గొర్లు కాసిన ఇల్లే. రోడ్డు వెడల్పులో రాయి పోతుందని తెలిసి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగితే, "సూసేటోళ్లు వస్తరంటె ఉంచుతం మేడం" అన్నారు. రేపు ఆఫీసరొకాయన తోడు లేకుండా ఈ దారంతా నడిచి తేలుస్తాడట.

తేలేది ఇవాళే తేలిపోయేట్టుంది. సగం బాణాలు ఫ్లెక్సీల కింద పోయాయి. ఒకదాని మీద ట్యూషన్ల పోస్టరు. మెట్ల బావి దగ్గర ప్రేమ్‌కుమార్ ఆగి దిక్కులు చూశాడో లేదో, అరుగు మీది ఆడమనిషి పట్టుకుంది.

"ఎవలింటికి పోవాలె అన్నా?"

"ఎవరింటికీ కాదండీ. ఊరికే నడుస్తున్నా."

పని లేకుండా ఊరికే నడిచే మగవాణ్ని వీధి వదులుతుందా? ఊరు, ఇంటిపేరు, అత్తగారిది తుంగతుర్తి అన్న సంగతీ లాగి, చాయ్ తాగించి పంపింది. నాగరాణికి తలప్రాణం తోకకొచ్చింది.

"అడగొద్దంటె చాయ్ తాగుతవా?"

"నేనడగలేదే! ఆవిడే అడిగింది."

ఒళ్లు మండిపోతుండగా ఆమే ముందు నడిచి గొల్లవాడ మలుపు తిరిగింది. సమ్మె ముగిశాక సెలవుల్లో కూడా బడి నడపడంతో ఇటు రానేలేదు. రాయి ఉంది. కింద పచ్చటి టైల్స్ గద్దె, ఒళ్లంతా పసుపు ఎనామిల్, పైన రెండు వెండి కళ్లు.

"చెప్పులు ఆడనే ఇడువు బిడ్డా" అన్నాడు గద్దె పక్కన గొంగడి వేసుక్కూర్చున్న ఉప్పలయ్య. వాడకు పెద్ద గొల్ల ఆయన.

"ఎవరు చేసిండ్రు తాతా ఇది?"

"వాడకట్టంత కల్సినం. గోడ మీద ఎర్రగ గుర్తు పడ్డది, రాయి దిక్కే సూపిస్తున్నది. సదువుకున్నోళ్లు ఊకెనే గీస్తరా? దేవుడున్నడని అప్పుడే సమజైంది. ఇగ రోడ్డోళ్లను ముట్టమను, సూస్త!"

నాగరాణి వంగి రాతిని తడిమింది. రంగు గీకితే అక్షరాలు దొరక్కపోతాయా అని ఆశ. వేలికి గీత కూడా తగల్లేదు.

"గరుకుకు రంగు పట్టలె. మిషిని పెట్టి సాపు చేయించినం" అన్నాడు ఉప్పలయ్య సంబరంగా.

ఏడువందల ఏళ్లు ఎండకు ఎండి వానకు తడిసి నిలిచిన పేరు, ఆమె గీసిన ఒక్క బాణానికి పోయింది. దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"మనోని పేరుండె తాతా గీడ! పోతిబోయుడు. గొర్లు కాసినోడు, చెరువుకు తూము పెట్టించినోడు. దొరలవన్ని సల్లగున్నయి, ఒక్క మనోన్నే మీ చేతులతోని ఖతం చేసిండ్రు!"

ఉప్పలయ్య మొహంలో నవ్వు ఆగిపోయింది. లేచి రాతి మీద అరచెయ్యి పెట్టాడు.

"మనోని పేరా?" అన్నాడు. "మరి నువ్వు రంగు డబ్బ పట్టుకొని వచ్చిననాడు నేను గీడనే ఉంటి గద బిడ్డా. ఏం రాస్తున్నవని అడిగితి. బడి పని, నీకు సమజ్ గాదు తాతా అని పోతివి."